చెంపలేసుకున్న పెద్దమనిషి

ఆయన పోయాడన్న కబురు తెచ్చిన మనిషి ఆ మాట చెప్పడానికి చాలా అవస్థపడ్డాడు. హచ్చొళ్ళి బస్సు దిగి నేరుగా ఈ బడిపంతులు ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అయివారప్పా, ఆ టెంటు టాకీసు ఆయప్ప..." అన్నాడు. ఆ పైన మాట పెగల్లేదు. ఏడుపనుకొని మంచినీళ్ళిచ్చాను. తీరా చూస్తే నవ్వు.

"పోయినాడప్పా. చెప్దామని నోరు తెరిస్తే ఆయప్ప మాట ఏదో ఒకటి గుర్తొస్తాండాది" అన్నాడు, పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

చచ్చినవాణ్ణి తలుచుకొని నవ్వితే పాపమని మన పెద్దలు చెబుతారు. ఎవరికి పాపమో, ఎందుకు పాపమో ఇంతవరకు ఒక్కరూ రుజువు చేయలేదు. కనుక ఇది చదివేవాళ్ళు నిర్భయంగా నవ్వవచ్చు.

ఆయన పేరు రాయను. రాస్తే కులం తెలుస్తుంది. కులం తెలిస్తే పాఠకుల్లో సగంమంది "ఓహో, అందుకా" అంటారు. మిగతా సగం "అయినా ఫరవాలేదు" అంటారు. రెండు మాటలూ నాకు అసహ్యమే. ఏ ఊరివాడో నాకూ తెలియదు. ఎవరడిగితే వాళ్ళ ఊరే తన ఊరని చెప్పేవాడు. తారానగర్ మనిషి అడిగితే తారానగర్, ఆదోని మనిషి అడిగితే ఆదోని. ఇన్ని అబద్ధాలెందుకని మందలిస్తే, "వాళ్ళు సంతోషపడతాండారు. ఊరికేం నష్టం?" అనేవాడు.

ఆయన పని ఏమిటో చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. అప్పట్లో బళ్ళారి ఊరి బయట ఒక టెంటు టాకీసు ఉండేది. ప్రొజెక్టరు ఒకటే. ఒక రీలు అయిపోగానే బొమ్మ ఆగిపోయేది, దీపాలు వెలిగేవి. ఆపరేటరు సాయిబు ఆ రీలు విప్పి ఇంకొకటి ఎక్కించేదాకా జనం ఈలలు వేసేవాళ్ళు. నేల టికెట్టువాళ్ళు ఇసుక విసిరేవాళ్ళు. ఒకసారి రాయి తగిలి తెర చిరిగింది. దాంతో టాకీసు యజమాని ఈయన్ను పట్టుకొచ్చి, రీలు మారేదాకా తెరముందు నిలబడి ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. ఆ 'ఏదో ఒకటి' చాలా ఏళ్ళపాటు బళ్ళారి పెద్దమనుషులకు కంట్లో నలుసైంది.

కొన్నాళ్ళకు బొమ్మ కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. రీలు మారే సందు కోసం వచ్చేవాళ్ళు పెరిగారు. సాయిబు పని ముగించి దీపాలు ఆర్పబోతే నేల మీద నుంచి, "ఆరాంసే సాయిబూ, యాడికి పోతాది నీ రీలు?" అని బతిమాలేవాళ్ళు. కథానాయకుడు పాము కరిచి పడి ఉండగా రీలు మారితే, వాడు బతికాడా చచ్చాడా అని అడిగిన దిక్కు లేదు.

మనిషి పొట్టి. పంచె మీద ఎవరో ఉద్యోగి వదిలేసిన నల్ల కోటు, మోకాళ్ళ దాకా. ఒక జేబులో బొరుగులు, ఇంకో జేబులో ఉల్లిగడ్డ. మాట అనేసి, అన్నవాడు తాను కానట్టు పక్కకు తిరిగి టెంటు గుంజను పరీక్షగా చూసేవాడు. జనం నవ్వి అలిసేదాకా ఆ గుంజనే చూసేవాడు. తాను మాత్రం నవ్వగా నేను చూడలేదు. ఎవరైనా బిగుసుకొని కూర్చుంటే వాళ్ళకు రెండు చేతులూ జోడించి, "నవ్వు వచ్చినోళ్ళు నవ్వండి. రానోళ్ళు యాల రాలేదో ఇంటికి పోయి నిదానంగా ఆలోచన చేయండి" అనేవాడు.

టెంటులో నేలవాళ్ళు ముందు, బెంచీలవాళ్ళు నడుమ, కుర్చీలవాళ్ళు వెనుక. ఆయన ఏ పెద్దమనిషిని గురించి అన్నా నేల జనమంతా వెనక్కి తిరిగి ఆ పెద్దమనిషి మొహం చూసేవాళ్ళు. అన్న మాట కంటే ఆ చూపులే ఎక్కువ మండించేవి.

బళ్ళారి మైసూరులో కలిసిన కొత్తలో ఊరంతా అదే రభస. ఇది మాదంటే మాదని తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు సభలు పెట్టుకుంటున్నారు. ఆయన తెరముందుకు వచ్చి తల గోక్కున్నాడు.

"నిన్న మదరాసు రాజ్యంలో పండుకుంటి. పొద్దున మైసూరు రాజ్యంలో లేస్తి. చాప అదే, నల్లులూ అవే. ఇప్పుడు నా సందేహమేందంటే, ఈ నల్లులకు కన్నడ ఎవురు నేర్పించల్ల?"

వెనుక కుర్చీల్లో ఒక కన్నడ పెద్దమనిషి లేచాడు. "ఏనప్పా, మా కన్నడ నల్లుల భాషనా?"

"ఇల్ల స్వామీ. కన్నడ మనుషుల భాష. నల్లులే తెలుగువి. పాపం, రాదు కదా అని బాధపడతాండా."

ఆ జవాబుతో తెలుగు కుర్చీలు కూడా లేచాయి. రెండు భాషలవాళ్ళూ కలిసి ఒకే మాట అరవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన నోరు మూయించినవాడు నేనెరిగి ఒక్కడున్నాడు. కాలవ నీళ్ళు వచ్చాక హచ్చొళ్ళి వైపు కోస్తా రైతులు వచ్చి భూములు కొని వరి వేశారు. వాళ్ళను గురించి ఒక సాయంత్రం ఎత్తుకున్నాడు. "మనం ఈ భూమిని తాతల కాలం నుంచి ఏమే, ఓసే అంటిమి. గడ్డి కూడా మొలవలేదు. వాళ్ళు వచ్చి 'ఏమండీ భూమిగారూ' అనిరి. మర్యాద ఎరగని భూమి, బెదిరిపోయి వడ్లు కక్కింది." బెంచీ మీద నుంచి ఒక కోస్తా రైతు మెల్లగా, "అంతేనండీ. మరి తమరూ ఓ సారి మర్యాదగా పిలిచి చూడకపోయారా?" అన్నాడు. టెంటంతా దద్దరిల్లింది. ఈయన గుంజను చూడటం మరిచిపోయి ఆ రైతునే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అతను కనబడితే చాలు, కోటు గుండీ పెట్టుకొని నమస్కారం చేసేవాడు.

మమ్మల్నీ వదల్లేదు. బజారులో ఒక మేడమీద మా చర్చాసంఘం వారం వారం కూడేది. దేవుణ్ణీ దయ్యాన్నీ కులాన్నీ ముహూర్తాన్నీ అక్కడ ఖండించేవాళ్ళం. నా బలవంతం మీద ఒకసారి వచ్చి వెనుక గోడకు ఆనుకొని చివరిదాకా విన్నాడు. మరుసటి సాయంత్రం తెరముందు మా సంగతే.

"మేడ మీద కులం లేదంటారు. శానా బాగా చెప్తారు. మెట్లు దిగినంక ఎవురి వీధికి వాళ్ళు పోతారు. నాకు తెలీక అడుగుతాండా. ఈ కులమనేది మెట్ల కింద కాసుకోనుంటాదా, చెప్పుల మాదిరి?"

నేలంతా వెనక్కి తిరిగింది. ఆ రోజు కుర్చీలో ఉన్నది నేనే.

ఇంతకూ ఆయన కొంప ముంచింది కులమూ కాదు, రాజ్యమూ కాదు. వాన.

ఆ ఏడు వర్షాలు ముఖం చాటేశాయి. బజారు వర్తకులు కూడి వరుణజపం తలపెట్టారు. జపానికి బ్రాహ్మణులు గొంతుదాకా నీళ్ళలో ఉండాలట. చెరువులో బురద కూడా లేదు. అందుకని పెద్ద పెద్ద గంగాళాలు తెప్పించి, బండ్లమీద పీపాలతో నీళ్ళు తోలించి, గంగాళానికొక బ్రాహ్మణుణ్ణి కూర్చోబెట్టారు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెడు నీళ్ళకు జుట్లు పట్టుకుంటున్నారు. ఈ దేశంలో నీళ్ళు లేవని దేవుడికి చెప్పుకోవడానికి కూడా నీళ్ళే తగలేస్తారు. నేను సంఘంలో ఈ అనాచారాన్ని గంటసేపు చీల్చి చెండాడాను. విన్నవాళ్ళు ఆవలించారు. ఆయన ఒక రీలు సందులో ముగించాడు.

"తప్పు పట్టొద్దండప్పా. అది జపం కాదు, యాపారం. మన శెట్లు మదరాసు నుంచి సరుకు తెప్పించేటప్పుడు ఏం చేస్తారు? బట్ట ముక్కొకటి కత్తిరించి పంపుతారు, ఇట్లాంటిదే కావల్ల అని. ఇదీ అంతే. వరుణదేవా, నువ్వు మరిచిపోయినట్లుండావు. నీళ్ళంటే ఇట్లుంటాయి. ఇదిగో శాంపిలు. ఇదే రకం జిల్లాకంతా పంపు."

"మల్ల మధ్యలో అయ్యవార్లు యాలప్పా?" అని నేల మీద ఎవరో అడిగారు.

"కొలతకు. ఈ ఎత్తుకు రావల్ల అని."

అందరికంటే ముందు నవ్వింది టెంటు స్థలం సొంతదారైన బట్టల శెట్టి. జపం ఖర్చులో పెద్ద చెయ్యి ఆయనదే. నేల జనం వెనక్కి తిరిగేసరికి ఆ నవ్వు సగంలో తెగి దగ్గుగా మారింది.

తెల్లవారి వర్తకులు కూడారు. తీర్పు ఒకటే. అదే తెరముందు, అదే జనం ఎదుట చెంపలు వేసుకొని తప్పయిందని చెప్పాలి. లేకుంటే ఆ మనిషి ఇక టెంటులో కనబడకూడదు. కనబడితే టెంటే ఉండకూడదు. టాకీసు యజమాని లబోదిబోమన్నాడు.

మా సంఘానికి మాత్రం పండుగ. బుద్ధిస్వాతంత్ర్యానికి ఒక వీరుడు దొరికాడు. నేను మధ్యాహ్నమే టెంటుకు పరిగెత్తాను. ఖాళీ టెంటులో ఇసుక మీద కూర్చొని ఉల్లిగడ్డ పొర తీస్తున్నాడు.

"నువ్వు చెంపలు వేసుకోకూడదు" అన్నాను.

"యాల?"

"అది బుద్ధికే అవమానం. నీ తరఫున మేము సభ పెడతాం."

"ఎంతమంది వస్తారు?"

"ఇరవైమంది దాకా రావచ్చు."

"అందులో నవ్వేటోళ్ళు ఎవురన్నా ఉండారా?"

నేను ఒక్కొక్కరి మొహం తలుచుకున్నాను. ఆయన ఉల్లిగడ్డ పక్కన పెట్టాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"సూడు అయివారప్పా. దేవుడు లేడని చెప్పుకునేకి నీకు మేడ ఉండాది, బడి ఉండాది, పత్రిక ఉండాది. నాకుండేది ఈ తెర ముందర రెండు గజాల ఇసుక. ఇది పోతే నేను ఎవురితో మాట్లాడల్ల? జనం ముందర నిలబడకుంటే నేను మనిషిని కాదప్పా, వట్టి కోటు."

"అయితే లొంగిపోతావా?"

"చెంపలు నావి, చేతులు నావి. శెట్టి సొమ్మేం పోతాది?"

క్షమాపణ చెబుతాడన్న వార్త చుట్టుపక్కల పాకింది. బండ్లు కట్టుకొని వచ్చారు. ఏ బొమ్మకూ రానంత జనం. మొదటి రీలు కాగానే ఆయన వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"పెద్దలు మన్నించల్ల. వరుణజపాన్ని శాంపిలు అంటిని. తప్పయిపోయింది." ఒక చెంప మీద కొట్టుకున్నాడు. "శాంపిలు పంపితే సరుకు వస్తాది. ఈడ రాలేదు. కాబట్టి అది శాంపిలు కాదు." రెండో చెంప. "అయ్యవార్లు కొలతకంటిని. అదీ తప్పే. కొలతకర్ర నీళ్ళల్లో పెడితే ఎంతుండేది అంతే ఉంటాది. వాళ్ళు పాపం జలుబు చేసి చిక్కిపోయినారు." మళ్ళీ మొదటి చెంప. "శెట్టిగారు నవ్వినారని ఊర్లో పుకారు. ఆయన నవ్వలేదు, దగ్గినారు. నవ్వినారని నేను ఒక్కరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం."

ఆ నవ్వులో రెండో రీలు మొదలయిందని ఎవరికీ తెలియలేదు. కథానాయిక బొమ్మ ఆయన కోటు మీద పడి, అక్కడే పాట పాడింది.

వర్తకులు మళ్ళీ కూడారు. ఈసారి తీర్పు, క్షమాపణకు క్షమాపణ చెప్పాలని. అనుభవం వచ్చింది గనుక షరతు పెట్టారు. నోరు విప్పకూడదు. వచ్చి, చెంపలేసుకొని, పోవాలి.

విప్పలేదు. వచ్చాడు. ఎడమ చెంప మీద ఒకటి కొట్టుకున్నాడు. తల ఎత్తి టెంటు కప్పు కేసి చూశాడు. అరచేయి చాచి చినుకు కోసం ఆగాడు. చేయి చూసుకున్నాడు, పొడి. కుడి చెంప మీద కొంచెం గట్టిగా కొట్టుకొని మళ్ళీ చేయి చాచాడు. పొడి. ఈసారి రెండు చెంపలూ వాయించుకొని, శెట్టి వైపు చూసి, ఇంకా కొట్టుకోమంటారా అన్నట్టు సైగ చేశాడు. ఆడవాళ్ళ వైపు కట్టిన పరదా వెనుక నుంచి కూడా నవ్వులు. జనం పొట్టలు పట్టుకొని పొర్లుతున్నారు.

అప్పుడు టెంటు చిల్లుల్లోంచి చినుకులు పడ్డాయి.

అది నైరుతి రుతుపవనం. ఆలస్యంగా వచ్చింది. రావడానికి దానికి గల కారణాలను నేను ఒక వ్యాసంలో వివరంగా రాశాను. చదివినవాళ్ళం నేనూ, అచ్చు కూర్చినవాడూ. మిగతా జిల్లా రెండుగా చీలింది. ఎప్పుడో ముగిసిన జపం ఇప్పుడు ఫలించిందని కుర్చీలవాళ్ళు. "కాదప్పా, ఆయప్ప చెంపలేసుకుంటేనే వచ్చె, మేం కండ్లతో సూస్తిమి" అని నేలవాళ్ళు. మూఢత్వాన్ని అంత చక్కగా ఎగతాళి చేసిన మనిషి గంటలో మూఢత్వమైపోయాడు.

వాన వచ్చినా శెట్టి పంతం పోలేదు. టెంటు లేచిపోయింది. రెండు గజాల ఇసుకలో గానుగ పెట్టారు. కొన్నాళ్ళు గాజుల మలారం మోసే ఒకాయన దగ్గర కుదిరి సంతల్లో గాజులు తొడిగాడు. చెయ్యి పట్టుకొని ఏదో ఒకటి అనేవాడు. నవ్వే ఆడమనిషి చెయ్యి కుదురుగా ఉండదు. పగిలిన గాజులు చూసి గాజుల మలారమాయన దండం పెట్టి పంపించేశాడు. ఎక్కడ నలుగురు కనబడినా నిలబడేవాడు. ఆ నలుగురూ ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. కోటు మాత్రం విప్పలేదు.

మళ్ళీ కరువొచ్చిన ఏడు, బండ్రి దాటి లోపలున్న ఒక ఊరికి పెద్దయిన గౌడు ఆయన కోసం బండి పంపాడు. వచ్చి చెంపలేసుకోవాలని. ఇక్కడ వాన వస్తే పది ఊళ్ళవాళ్ళు పిలవడానికి కాచుకొని ఉన్నారని బండివాడు చెప్పాడు. ఊరు పేరు రాయను. ఇప్పుడక్కడి పిల్లలు చదువుకుంటున్నారు.

నేను మండిపడ్డాను. "సిగ్గు లేదా? బాబావవుతావా?"

"పది ఊర్లప్పా. ఊరూరికీ జనం" అన్నాడు. ఆకలిగొన్నవాడు అన్నం పేరు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు కూడా రా. దేవుడు ఎట్ల తయారవుతాడో దగ్గర నుంచి సూద్దువు."

మేళంతో ఎదురొచ్చారు. పూలదండ వేశారు. గౌడు ఇంటి ముందు బండి నిలిపి దాన్నే వేదిక చేశారు. ఎండకు గొంతెండి ఆయన నీళ్ళడిగాడు. వెండి చెంబుతో ఇచ్చారు.

"సల్లగుండాయి. యాడివి గౌడప్పా?"

"మా బావివి. అది ఊరి మొదట్లోది. ఇంత కరువులోనూ ఎండలేదు" అన్నాడు గౌడు గర్వంగా.

మెట్లబావి. మెట్ల పొడుగునా ముళ్ళకంప అడ్డం వేసి ఉంది; గౌడు పాలేర్లు కాసే ఒక పక్క సందొక్కటే దారి.

"ఆ కంప యాల?"

"కంప లేకుంటే వాడవాళ్ళు కూడా దిగుతారు కదప్పా."

దూరంగా ఎండలో, ఊరు అంటుకోని ఆ వాడ ఆడవాళ్ళు ఖాళీ కడవలతో నిలబడి ఉన్నారు. ఎవరైనా తోడి పోస్తే పట్టుకుపోవడానికి. ఆయన కంపను చూశాడు. కడవలను చూశాడు. చెంబు నాకిచ్చి బండెక్కాడు.

డోళ్ళు ఆగాయి. ఊరంతా ఆయన చేతుల వంకే చూస్తోంది. ఆ చేతులు లేవలేదు.

"ఒక సంగతి అడుగుతా, సెప్పండి. బళ్ళారిలో నేను చెంపలేసుకుంటే వాన యాల వచ్చె?"

"నీ మహిమప్పా" అన్నారెవరో.

"మహిమా లేదు, మన్నూ లేదు. తప్పు చేసినోడు కొట్టుకున్నాడు, అందుకు వచ్చె. ఆడ తప్పు నాది. ఈడ నేనేం తప్పు చేసినా? ఇప్పుడే బండి దిగితి. నేను కొట్టుకుంటే వట్టి చప్పుడు. మబ్బుకు ఆ మాత్రం తెలీదా?"

జనానికి ఇది సబబుగానే తోచింది. "మల్ల ఎవురు కొట్టుకోవల్ల?"

"నీళ్ళ కాడ తప్పు చేసినోళ్ళు."

ఎవరూ కదల్లేదు. గౌడు మంచం మీద కూర్చొని మీసం సర్దుకుంటున్నాడు. ఇంటి గడపలో నుంచి గౌడు తల్లి, ముసలామె, గొంతు ఎత్తింది.

"ఏరా, కొట్టుకోరాదా? చెంపలేమన్నా అరిగిపోతాయా? ఎద్దులు చస్తాండాయి."

"అమ్మా, నువ్వుండు."

"నేనుండలేను. ఆ కంప ఏసింది నువ్వు కాదా?"

గౌడు లేచి దిక్కులు చూసి, దోమను కొట్టినట్టు చెంపలు తాకించుకున్నాడు.

"మబ్బు దూరముండాది గౌడప్పా, ఇనపడదు" అన్నాడు బండి మీది నుంచి ఆయన.

జనం నవ్వారు. గౌడు ఈసారి ఫెళ్ళున కొట్టుకున్నాడు. ఆ వెనుకే ఇద్దరు ముగ్గురు పెద్దరైతులు కూడా కొట్టుకున్నారు.

"కంప అట్లనే ఉంటే తప్పు కూడా అట్లనే ఉన్నట్లు కదా" అన్నాడాయన ఆకాశంలోకి చూస్తూ.

గౌడు పాలేర్లు పోయి కంప లాగేశారు. వాడవాళ్ళు చాలాసేపు నమ్మలేదు. తరువాత ఒకామె దిగింది. ఆ వెనుక అందరూ.

వాన రాలేదు. సాయంత్రానికి ఊరి పెద్దలు ఆకాశాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు. తీసుకురావడానికి బండి కట్టినవాళ్ళు పంపడానికి కట్టలేదు. నడిచి బయలుదేరాం.

"నువ్వు చేసిందేమిటో తెలుసా?" అన్నాను. "వాళ్ళ మూఢనమ్మకాన్ని ఇంకా గట్టిపరిచావు."

"ఔ."

"వాన రాలేదని రేపు కంప మళ్ళీ వేస్తారు."

"ఏస్తారేమో. అంతలోపల ఎన్ని కడవలు పోతాయో సూడు."

"ఇంక నిన్ను ఏ ఊరి గౌడూ పిలవడు."

"తెల్సు" అన్నాడు. పూలదండ ఇంకా మెడలోనే ఉంది.

నిజంగానే ఎవరూ పిలవలేదు. ఆయనకు మళ్ళీ నిలబడే జాగా దొరకలేదు. అబద్ధంతో తెరిచిన బావి అబద్ధంతోనే మూతపడుతుందని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఆ సాయంత్రమే ఆ మాట ఆయనకు చెప్పి ఉండేవాణ్ణి. దారికి అడ్డంగా అన్నీ కడవలే, పక్కపక్కన నడవడానికి వీలు కాలేదు.

ఆ సాయంత్రం ఊరి మొదట్లో, బావి దగ్గర వాడంతా ఉంది. అంతమంది ఒక్కచోట కనబడేసరికి ఆయన ఆగిపోయాడు. కోటు లాక్కొని పైమెట్టు మీద నిలబడ్డాడు. గౌడు చెంపల మీద ఒక మాట అన్నాడు. మంచి మాటే. టెంటులో అయితే గుంజలు ఊగేవి. ఎవరూ తల ఎత్తలేదు. ఇంకొకటి అన్నాడు. కడవలు దిగుతున్నాయి, నిండుతున్నాయి, ఎక్కుతున్నాయి.

నిండు కడవ నెత్తినెత్తుకొని మెట్లెక్కుతున్న ఒకామె ఆయన ఎదుట ఆగింది.

"అడ్డం తప్పుకోప్పా. నీళ్ళు పోతాండాయి" అంది.

శెట్లు చెప్పినా, భాషలవాళ్ళు చెప్పినా, నేను చెప్పినా ఎన్నడూ తప్పుకోని మనిషి, ఒక్క మాట అనకుండా మెట్టు దిగి పక్కకు తప్పుకున్నాడు.